పాకాల: బాణుల నేల నడుమ

మా వైపు పాకాల అనగానే ముందు గుర్తొచ్చేది రైలు. గూడూరు–కాట్పాడి మార్గంలో ధర్మవరం లైను వచ్చి కలిసేది ఇక్కడే. ఎండాకాలం పక్కనున్న దామలచెరువు మండీలో మామిడి గుట్టలు, లారీల వరుసలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు ఊరు తిరుపతి జిల్లాలోకి వచ్చింది గానీ, సంతకూ చుట్టరికాలకూ చిత్తూరు దూరం కాలేదు. ఈ జంక్షన్ నుంచి మూడు వైపులా పోయే పట్టాలు పట్టుకుని వెళితే మరచిపోయిన ఒక రాజ్యాన్ని చాలావరకు చుట్టి రావచ్చు. అది బాణుల రాజ్యం.

శాసనాలు ఆ సీమను ఆంధ్రాపథానికి పడమటి భూమి అన్నాయి. తమిళంలో పెరుంబాణప్పాడి. తూర్పున శ్రీకాళహస్తి, పడమట పుంగనూరు, దక్షిణాన పాలారు దాని ఎల్లలని చరిత్రకారుల లెక్క. అంటే పాకాల అంచున కాదు, నడుమనే ఉంది. బలి చక్రవర్తి వంశం మాదని చెప్పుకున్న ఈ రాజులది ఎద్దు లాంఛనం, నల్ల జెండా. కదంబ మయూరశర్మ వీళ్ల దగ్గర కప్పం వసూలు చేశాడని తాళగుంద స్తంభ శాసనం చెబుతుంది. బాణుల కథలో పెద్ద పొరుగువాడి నీడ మొదటి నుంచీ ఉందన్నమాట.

తిరుపతి వైపు లైనులో ఏర్పేడు దగ్గరి గుడిమల్లం వెళితే ఆ నీడ రాతిలోనే కనిపిస్తుంది. అక్కడి పరశురామేశ్వరుడి లింగం ప్రాచీనత గురించి అందరూ మాట్లాడతారు. గుడి గోడల మీది అక్షరాలను చదివేవాళ్లు తక్కువ. కాంచీపురం పల్లవుల పాలనా సంవత్సరాలతో తేదీ వేసి, దానం మాత్రం బాణ రాజు పేరిట చెప్పే శాసనాలవి. పై అధికారం పల్లవులది, ఊళ్ల మీద పెత్తనం బాణులది. ఆ సర్దుబాటులోనే వాళ్లు తరాల తరబడి నిలదొక్కుకున్నారు. దాన్ని లొంగుబాటు అని తీసిపారేయలేను. నలువైపులా బలవంతులున్న చోట అంతకాలం పేరు నిలుపుకోవడం చిన్న పని కాదు.

పీలేరు మీదుగా మదనపల్లె వైపు పోతే కథలో కత్తులు దూస్తారు. అది చిప్పిలి వైదుంబులనే రాజవంశపు సీమ. సోరెమడి యుద్ధంలో బాణులు, వైదుంబులు ఒక్కటై పొరుగు రాజవంశాలైన నొళంబులతో, గంగులతో తలపడ్డారు. ఆ పోరులో పడిపోయిన వీరుల కోసం నాటిన రాళ్లు ఆ చుట్టుపక్కల దొరికాయి. శత్రుత్వం శాశ్వతమేమీ కాదు, గంగ పృథ్వీపతి కూతురు కుందవ్వ బాణ విద్యాధరుడి రాణి.

చిత్తూరు మీదుగా కాట్పాడి చేరి, అక్కణ్ణించి అరక్కోణం వైపు కాస్త ముందుకెళితే తిరువల్లం. మనం నీవా అనే ఏరే అక్కడ పొన్నై. ఆ ఒడ్డున బిల్వనాథేశ్వరుడి గుడినిండా బాణుల శాసనాలే. 10వ శతాబ్దం మొదట్లో చోళ పరాంతకుడు ఇద్దరు బాణ రాజులను పెకలించి, బాణాధిరాజు అనే బిరుదును తన వైపు నిలిచిన గంగ రాకుమారుడు రెండో పృథ్వీపతికి కట్టబెట్టాడు. ఉదయేందిరం రాగిరేకులు చెప్పే సంగతి ఇది. ఇలాంటిదే ఇటలీలోనూ జరిగింది. 774లో ఫ్రాంకుల రాజు షార్లమేన్, జర్మానిక్ జాతివారైన లంబార్డుల రాజ్యాన్ని గెలిచి, లంబార్డుల రాజు అన్న బిరుదును తానే ధరించాడు. రాజ్యం పోయినా పేరుకు విలువ మిగిలే ఉంది, గెలిచినవాడికి అదీ కావాలి.

చోళులకూ ఆ గెలుపు ఎంతోకాలం దక్కలేదు. 949లో తక్కోలం దగ్గర రాష్ట్రకూట మూడో కృష్ణుడు వాళ్లను ఓడించాడు. 959లో ఆయన విడిది తిరువల్లానికి దగ్గరే ఉన్న మేల్పాడిలో. బాణ వంశం పేరు చెప్పుకున్న సామంతులు మాత్రం తర్వాత శతాబ్దాల్లోనూ తమిళ సీమలో కనిపిస్తారు.

బాణుల కాలం ముగిసినా, పీఠభూమి నుంచి మైదానానికి దిగే కనుమలు ఇక్కడున్నందున సైన్యాలు ఇటే వచ్చాయి. 1740 మేలో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్, రఘోజీ భోంస్లే మరాఠా సేనల చేతిలో ప్రాణాలు విడిచింది ఈ దామలచెరువు కనుమలోనే.

పాకాలలో దిగినవాళ్లకు ఒక్కరోజే తీరిక ఉంటే గుడిమల్లం వెళ్లండి. రెండు రోజులుంటే తిరువల్లం కూడా చూడండి. రెండు చోట్లా గర్భగుడి దర్శనంతో సరిపెట్టుకోకుండా గోడల చుట్టూ ఒకసారి నడవండి.