ఒక్క చేత్తో ఎనిమిది

రికార్డు చేసిన శబ్దపు ముక్కలను, అంటే శాంపిళ్లను, వాయించే శాంప్లర్‌లో అన్ని ట్రాకుల మీదా ఒకే మార్పు ఒకేసారి చేసే సదుపాయాన్ని ‘షార్ట్‌కట్’ అని తేల్చేయడం వింటే చిరాకు పుడుతుంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌కు చెందిన ఎలెక్ట్రాన్ కంపెనీ 2017లో తెచ్చిన డిజిటాక్ట్‌లో దీని పేరు కంట్రోల్ ఆల్. ట్రాక్ బటన్ నొక్కిపట్టి ఒక నాబ్ తిప్పితే ఆ మార్పు ఎనిమిది ఆడియో ట్రాకులకూ పోతుంది. బటన్ వదలకముందే ‘నో’ నొక్కితే అన్నీ పాత చోటికి వచ్చేస్తాయి. ఎనిమిదిసార్లు తిప్పాల్సింది ఒక్కసారి తిప్పి టైము మిగుల్చుకోవడమే దీని ఉపయోగమైతే షార్ట్‌కట్ అన్న మాట సరిపోయేది. కానీ ఎనిమిది ఫిల్టర్లు ఒకదాని తర్వాత ఒకటి మూయడం వేరు, ఎనిమిదీ కలిసి మూసుకోవడం వేరు. మొదటిదాంట్లో మనుషులు ఒక్కొక్కరే గదిలోంచి లేచి వెళ్లిపోతున్నట్టుంటుంది. రెండోదాంట్లో అందరూ లోపలే ఉండగా గది తలుపు మూసుకుంటుంది. చెవి ఈ రెంటినీ ఎన్నడూ ఒకటిగా వినదు.

శబ్దమంతా బయటికి వెళ్లే చోట ఒక్క ఫిల్టర్ పెడితే సరిపోదా అని అడగవచ్చు. ఫిల్టర్ వరకైతే ఆ మాటలో కొంత నిజముంది. అక్కడ కూడా తేడా లేకపోలేదు: చివర పెట్టిన ఫిల్టర్ అప్పటికే మోగుతున్న ప్రతిధ్వనిని కూడా మూసేస్తుంది, ట్రాకుల్లో మూస్తే అంతకుముందే డిలేలోకి, అంటే ప్రతిధ్వని పుట్టించే భాగంలోకి, వెళ్లిన శబ్దం మసకబారకుండా పైన తేలుతూ ఉంటుంది. ఇక డికే సంగతి చూడండి, అంటే మోగిన శబ్దం ఎంతసేపట్లో ఆరిపోవాలన్న కొలత. ఎనిమిది ట్రాకుల డికే కలిపి తగ్గిస్తే టెంపో మారదు, ఒక్క దెబ్బ కూడా తగ్గదు. అయినా దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ పుడుతుంది. నిండుగా ఊగుతున్న లయ ఎముకల గూడై నిలబడుతుంది. శబ్దాలన్నీ కలిసిపోయాక చివర్లో కూర్చుని ఈ పని చేయలేం. కూర ఉడికాక ఉప్పు చాలకపోతే వేసుకోవచ్చు, ముక్కలు సన్నగా తరగాలంటే మాత్రం పొయ్యి మీదికి ఎక్కక ముందే తరగాలి. శాంపిల్ ఎక్కడ మొదలవ్వాలి, ఎంత పొడవుండాలి, ఏ శ్రుతిలో మోగాలి అన్నవన్నీ తరిగే దగ్గర పనులే. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది డిలే సెండ్, అంటే ట్రాక్ శబ్దం డిలేలోకి ఎంత పోవాలన్న కొలత. ఎనిమిదీ కలిపి పెంచితే ప్యాటర్న్ మొత్తం డిలేలో మునిగిపోతుంది. అప్పుడు ‘నో’ నొక్కితే సెండ్‌లన్నీ ఉన్నచోటికి పడిపోతాయి గానీ లోపలికి వెళ్లిన శబ్దం తనంత తాను తిరుగుతూనే ఉంటుంది, దాని కిందనుంచి అసలు లయ తడిలేకుండా బయటికి వస్తుంది. తప్పు దిద్దుకోవడానికి పెట్టినట్టు కనిపించే ఆ బటన్ ఇక్కడ వాయించే బటన్.

ఈ యంత్రం మీద తరచూ వినిపించే ఫిర్యాదు, ట్రాకులన్నీ ఒకే మూసలో పోసినట్టుంటాయని. నిజమే. కిక్ డ్రమ్ ఉన్న ట్రాకైనా, గొంతు ముక్క ఉన్న ట్రాకైనా అవే పేజీలు, అవే ఎనిమిది నాబ్‌లు. నా వాదనంతా నిలబడ్డది ఈ మూస మీదే. కంప్యూటర్‌లో ఒక ట్రాక్‌లో సింథ్, ఇంకోదాంట్లో రికార్డు చేసిన గిటార్, మూడోదాంట్లో ఎవరో తయారుచేసిన ప్లగిన్ ఉంటాయి. అక్కడ ‘అందరి డికే తగ్గించు’ అన్న మాటకు అర్థమే ఉండదు, కొన్నిటికి డికే అన్నదే లేదు కనుక. మడి చదునుగా ఉంటేనే నీళ్లు వదలగానే అన్ని మూలలకూ పారతాయి. కంప్యూటర్‌లో ఒక్క నాబ్‌తో చాలా విలువలు కదిపే మాక్రోలు కట్టుకోవచ్చు కదా అంటే, కట్టుకోవచ్చు, ఇంతకన్నా నాజూకుగానే. కానీ వాటిని ముందే కట్టాలి. ప్యాటర్న్ నడుస్తుండగా ‘అన్ని శాంపిళ్లూ కాస్త తర్వాతి చోటినుంచి మొదలైతే?’ అన్న ఆలోచన వచ్చిన క్షణంలోనే చేతికి అందేది నొక్కిపట్టే బటనే.

గట్టిగా పట్టించుకోవాల్సిన అభ్యంతరం ఒకటుంది. విలువలు 0 నుంచి 127 వరకే ఉన్నాయనుకోండి. ఒక ట్రాక్ 120 దగ్గర, ఇంకోటి 40 దగ్గర ఉన్నాయి. రెంటికీ 30 కలిపితే మొదటిది 127 దగ్గర గోడకు కొట్టుకుని ఆగుతుంది, రెండోది 70కి చేరుతుంది. మళ్లీ 30 తీసేస్తే 97, 40 మిగులుతాయి. ఎనభై అంకెల దూరం యాభై ఏడైంది. గంటలకొద్దీ కూర్చుని తూచిన మిక్స్ ఒక్క తిప్పుడుతో చెడిపోయింది. అందుకే తిరిగి రావడం నాబ్‌ను వెనక్కి తిప్పడంతో అయ్యే పని కాదు. పాత విలువల్ని యంత్రమే గుర్తుపెట్టుకోవాలి. కంట్రోల్ ఆల్‌లో సగం విలువ ‘నో’లోనే ఉందనడానికి ఇదే కారణం. కిక్‌ను వదిలేసి మిగతావాటినే కదపాలనుకునేవారికి అదే కంపెనీ ఆక్టాట్రాక్‌లో వేరే దారి ఉంది. అక్కడ ఏ ట్రాక్‌లో ఏ విలువ ఎక్కడికి పోవాలో సీన్‌గా రాసిపెట్టుకుని, క్రాస్‌ఫేడర్‌ను ఈ చివరనుంచి ఆ చివరకు జరుపుతారు. రాయనివి కదలవు. అది ఇంకా లోతైన వాద్యం, అయితే ముందుచూపు అడుగుతుంది.

అన్నిటినీ ఒక్క చేత్తో కలిపి కదపాలన్న ఈ కోరిక శాంప్లర్లతో పుట్టింది కాదు. పద్యనాటకాల్లో హార్మోనియం వాయించేవారి ఎడమచెయ్యి చూడండి, కుడిచెయ్యి ఎన్ని మెట్లు నొక్కినా తిత్తి పట్టిన చెయ్యి వాటన్నిటి ఊపిరినీ కలిపి పెంచుతుంది, తగ్గిస్తుంది. ఆర్గన్‌లో ఈ పనికి తిత్తి పనికిరాదు, గాలి ఒత్తిడి మారితే గొట్టాల శ్రుతి చెదురుతుంది. అందుకని 1712లో లండన్‌లోని సెయింట్ మాగ్నస్ చర్చి ఆర్గన్‌లో అబ్రహం జోర్డన్ కొన్ని వరుసల గొట్టాలను పెట్టెలో మూసి, తెరుచుకునే తలుపు పెట్టాడు. గొట్టాలు మోగే తీరు మారదు, వినేవాడికి మాత్రం అన్నీ కలిసి దగ్గరికొస్తాయి, దూరమవుతాయి. ఆ తర్వాత వచ్చిన క్రెషెండో పెడల్ ఇంకో మెట్టు ఎక్కింది. కాలు నొక్కుతున్నకొద్దీ ఒక్కో వరుస గొట్టాలు చేరుతూ చివరికి ఆర్గన్ దాదాపు మొత్తం మోగుతుంది. వరుసలను ఎంచుకోవడానికి వాయించేవారు చేత్తో లాగి ఉంచిన స్టాప్‌లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. పెడల్‌ను వెనక్కి తెస్తే చర్చి గోడల్లో ఆ హోరు ఇంకా ఆరకముందే, మొదట ఎంచుకున్న ఆ నాలుగు వరుసలూ మళ్లీ తమ పాటికి తాము పలుకుతుంటాయి.