వెనక మూడు కాళ్లు

మొన్న ఎన్.సి.సి. ఫైరింగ్‌లో నా అయిదు తూటాలూ తలో దిక్కుకీ పోయాయి. దూరం 25 మీటర్లే! ముందు చేతికింద ఇసుక బస్తా కూడా ఉంది. “పిన్నాడి పారుమ్మా” అన్నారు హవల్దార్ సారు. వెనక చూసుకుంటే కుడి మోచేయి వణుకుతోంది, దాంతోపాటే తుపాకి మడమా.

ప్రెసిషన్ రైఫిల్ పోటీల్లో తుపాకి ముందు భాగాన్ని అడ్డుగోడకి ఆనించి, మడమ కింద ట్రైపాడ్ పెడతారని విని నవ్వాను, అదేం కెమెరానా అని. ఇప్పుడు లెక్క కట్టాను: మడమ ఒక్క మిల్లీమీటరు జరిగితే, 25 మీటర్ల దగ్గర అంగుళం తేడా!

మాకు ట్రైపాడెక్కడిది? రెండోసారి మోచేయి నేలకి గట్టిగా ఆనించాను. మూడు తూటాలు రూపాయి బిళ్లంత చోట పడ్డాయి. క్యాంపు జట్టులో నా పేరు మాత్రం రాలేదు. మిగతా రెండూ ఎటు పోయాయో అడక్కండి.