అంట్లకింత, బట్టలకింత

ఏమండీ, మీ పనిమనిషి ఇవాళ వచ్చిందా? మిరపకోతల రోజుల్లో నందిగామలో ఈ మాట ఎవర్నీ అడక్కూడదు లెండి. చందర్లపాడు, వత్సవాయి చేలల్లో కాయ ఎర్రబడిందంటే తెల్లారేసరికి వీధి చివర ఆటో వచ్చి ఆగుతుంది. మన అంట్లు తోమే చేతులన్నీ అందులో ఎక్కి వెళ్లిపోతాయి. వెళ్లరూ మరి? కోతకు కూలి ఏ రోజుది ఆ రోజు చేతిలో పడుతుంది. మనం ఒకటో తారీఖు దాకా ఆగమంటాం, పైగా నాగాలు లెక్కపెడతాం.

మన పద్ధతి మీకు తెలియంది కాదు. అంట్లకింత, బట్టలకింత, ఇల్లు తుడిస్తే ఇంకాస్త. సంక్రాంతికి చీర. పిల్ల పెళ్లికి అడ్వాన్సు, ఆపైన నెలనెలా కోత. కాగితం ముక్క ఉండదు.

ఇదే వీధి నుంచి అమెరికా వెళ్లిన కోడలు అక్కడ పిల్లాణ్ణి చూడ్డానికి ఒకావిణ్ణి పెట్టుకుందనుకోండి. 2025 లెక్క ప్రకారం ఏడాదిలో 2,800 డాలర్లు ముట్టజెప్పిందంటే పన్ను బాధ్యత నెత్తిన పడ్డట్టే. జీతంలో 7.65 శాతం ఆయమ్మ వాటా, మళ్లీ అంతే కోడలి వాటా, సోషల్ సెక్యూరిటీకీ మెడికేర్‌కీ జమ కావాలి. ఆదాయపు పన్ను రిటర్నుతో షెడ్యూల్ హెచ్ అనే కాగితం జతచేయాలి. ఎగ్గొట్టేవాళ్లు అక్కడా ఉన్నారు. 1993లో క్లింటన్ అటార్నీ జనరల్‌గా ఎంచుకున్న జోయీ బెయిర్డ్, అనుమతి పత్రాల్లేని దంపతుల్ని ఇంట్లో పనికి పెట్టుకుని ఈ పన్ను కట్టలేదని బయటపడి, ఆ పదవి అందకుండానే తప్పుకుంది. నందిగామ నుంచి మనవణ్ణి చూసుకోవడానికి వెళ్లిన అమ్మమ్మకు మాత్రం జీతమూ లేదు, పన్నూ లేదు.

ఇక్కడ మనల్ని అడిగేవాళ్లు లేరు. పీఎఫ్ 20 మంది పనిచేసే చోట, ఈఎస్ఐ పదిమంది ఉన్న చోట. మన వంటిల్లు ఏ లెక్కకూ రాదు. వృత్తిపన్ను నెల జీతం 15,000 దాటితేగానీ పడదు. 2011లో జెనీవాలో ఇంటిపనివాళ్ల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) 189వ ఒప్పందం తెస్తే మన దేశం సరేనని ఓటేసింది, ఆమోదముద్ర మాత్రం వేయలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు చట్టం సంగతి పరిశీలించమని కేంద్రానికి చెప్పింది. అది వచ్చేదాకా మన వీధి ఆగాలా అని నా పేచీ.

2019 నుంచి పీఎం శ్రమయోగి మాన్‌ధన్ అని పింఛను పథకం ఒకటుంది. 18 నుంచి 40 ఏళ్ల లోపు చేరాలి. వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు, కేంద్రం అంతకంతా వేస్తుంది. 60 నిండాక నెలకు 3,000 పింఛను. 2022 మార్చిలో దీనికే ‘డొనేట్ ఎ పెన్షన్’ అని తోడు తెచ్చారు. మనింట్లో పనిచేసేవాళ్ల వాటా మనమే కట్టొచ్చు. ఏడాదికి 660 నుంచి 2,400. చీర మానేయమనడం లేదు సుమండీ, చీరతో పాటు ఇదీ అంటున్నాను.

“అరవై దాటితే రాష్ట్ర ప్రభుత్వం నాలుగు వేలు ఇస్తోందిగా” అంటారు మా పక్కింటివారు. ఇస్తోంది. కానీ అది మామూలుగా ఇంటికొకటే, మొగుడికొస్తే పెళ్లానికి రాదు. మాన్‌ధన్ అయితే పనిమనిషి పేరు మీదే ఉంటుంది.

ఈ పథకంలో నాకు నచ్చనిది ఆ 40 ఏళ్ల గీత. మోకాళ్లు పట్టేసినా తోముతున్న పెద్దావిడకే ముందు పింఛను కావాలి, ఆవిడకే తలుపు మూసేశారు. అలాంటివాళ్లకు ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా 70 ఏళ్ల దాకా ఉంది. రెండు లక్షలది. పింఛనుకు సాటి రాదు, ఒప్పుకుంటాను.

నీ వయసెంతమ్మా అని అడిగితే “ముప్పయ్యయిదో నలభయ్యో, మీరే వేసుకోండమ్మగారూ” అంటుంది. అంతటితో వదలకండి. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం తెమ్మనండి, పథకంలో చేర్పించడానికి వీలైతే మీరే మీసేవ పక్కనున్న సీఎస్‌సీకి (కామన్ సర్వీస్ సెంటర్‌కి) తోడు వెళ్లండి. కోతల రోజుల్లో మాత్రం వద్దు, ఆ పూట కూలి పోతుంది.