రెండు టెస్టుల మధ్య గీత



పేరెంట్స్ మీటింగుల్లో లెక్కల టీచర్లకు తరచుగా వినిపించే ప్రశ్న ఇది: "మొదటి స్లిప్ టెస్టులో 25కి 18 వచ్చాయి, రెండోదాంట్లో 14. ఇలాగైతే ఫైనల్‌కి ఏమవుతాడు సార్?" ఈ ప్రశ్న అడిగేటప్పుడు మీరు తెలియకుండానే ఒక లెక్క చేస్తున్నారు. రెండు బిందువుల మీదుగా సరళరేఖ గీసి, దాన్ని ముందుకు పొడిగిస్తున్నారు.

ఆ లెక్క మంచిదే. పిల్లలకు నేర్పేదీ అదే. ఒక క్యాబ్‌లో 4 కిలోమీటర్లకు 100 రూపాయలు, 7 కిలోమీటర్లకు 145 రూపాయలు అయ్యాయనుకోండి. 3 కిలోమీటర్లు పెరిగితే 45 రూపాయలు పెరిగాయి, అంటే కిలోమీటరుకు 15. దీన్నే వాలు అంటాం. 4 కిలోమీటర్లకు 60 పోగా మిగిలిన 40 బండి ఎక్కగానే పడే ఛార్జీ. కాబట్టి ఛార్జీ = 15 × కిలోమీటర్లు + 40. ఇక 10 కిలోమీటర్లకు 190 అని ముందే చెప్పేయొచ్చు. క్యాబ్‌కు మారని రేటు ఉంది కాబట్టే ఇక్కడ రెండు బిందువులు సరిపోయాయి.

ఇప్పుడు మార్కులకు ఇదే పద్ధతి వాడి చూడండి. 18 నుంచి 14కి తగ్గాయి కాబట్టి వాలు మైనస్ 4. మార్కులు = 22 − 4 × టెస్టు నంబరు. ఆరో టెస్టుకు వచ్చేది మైనస్ 2! పోనీ, 18 తర్వాత 22 వచ్చాయని సంబరపడితే, మూడో టెస్టులో 25కి 26 రావాలి. లెక్కలో తప్పు లేదు. పిల్లల చదువు క్యాబ్ మీటరులా ఒకే రేటున నడుస్తుందనుకోవడమే తప్పు.

ఏ రెండు బిందువులు ఇచ్చినా వాటి మీదుగా ఒక గీత వస్తుంది. ఆ గీతను నమ్మొచ్చో లేదో తేల్చేది మూడో బిందువు.

మన కొత్తవలసలో మొదలయ్యే కిరండూల్ రైలు మార్గాన్నే చూడండి. లక్కవరపుకోట, శృంగవరపుకోట వరకు పెద్దగా ఎత్తు తెలియదు. ఆ రెండు స్టేషన్లు చూసి గీత గీసినవాళ్లు ముందున్న ఘాట్‌ని ఊహించలేరు. బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలై, సిమిలిగుడ దగ్గర సముద్రమట్టానికి 996 మీటర్లకు చేరుతుంది. అక్కడితో ఆ గీతా ఆగిపోతుంది. తర్వాతి స్టేషన్ అరకు అంతకన్నా కిందే ఉంది.

అందుకే మీకో చిన్న మనవి. పాప పేపరు ఇంటికి తెచ్చినప్పుడు "పోయినసారి ఎన్ని?" అని అడిగే ముందు "ఈసారి ఏ పాఠం?" అని అడగండి. మొదటి టెస్టు వాస్తవ సంఖ్యల మీద, రెండోది త్రికోణమితి మీద అయితే ఆ రెండు మార్కులనూ ఒకే గీత మీద పెట్టలేం. మార్కులు ఎక్కడ పోయాయో ఇద్దరూ కలిసి చూడండి. సూత్రం రాక పోయాయా, కూడికలో పోయాయా, టైము చాలక పోయాయా? ఒక్కోదానికి చేయాల్సింది వేరు.

ఒక గ్రాఫ్ పేపరు తీసుకుని ఏడాది పొడవునా మార్కులు బాబు చేతే, పాప చేతే పెట్టించండి. చుక్కల పక్కన పాఠం పేరు కూడా రాయించండి. అయిదారు చుక్కలు పడేదాకా గీత మాత్రం గీయొద్దు.