తిన్నింటి వాసాలు ఎవరు లెక్కపెట్టారు?

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు" అని ద్రోహం చేసినవాణ్ని తిడతారు. రిజర్వేషన్ల గురించి నోరు విప్పినప్పుడు నేనూ ఈ మాట పడ్డాను. అసలు వాసాలు లెక్కపెట్టాలంటే అవి కనపడాలి కదా! మన పెంకుటిళ్లలో చాలావాటికి లోపల సీలింగ్ ఉండదు. తలెత్తితే దూలాలు, వెన్నుగాడి, వాసాలు అన్నీ కనపడతాయి.

మండువా లోగిలి చూడండి. నడుమ ఆకాశం కనపడే ఖాళీ జాగా. చుట్టూ చెక్క స్తంభాలు, వాటి మీద దూలాలు. నాలుగు వైపులా కప్పు లోపలికి వాలి ఉంటుంది, వాన నీళ్లు మండువాలో పడతాయి. గొప్ప పనితనమే, కాదనను. కానీ మా తాతలు ఆ గడప దాటలేదు. పెరటి వైపు నిలబడి దోసిలి పట్టినవాళ్లు లోపలి వాసాలు ఎలా లెక్కపెడతారు?

మా గుడిసెదీ కర్ర చట్రమే. నడుమ నిట్రాడు, పైన వెన్నుగాడి, చుట్టూ గుంజలు, వాసాలు, తాటాకు కప్పు. తడిక అల్లి మట్టి మెత్తిన గోడ అడ్డు మాత్రమే, బరువు మోసేది కర్రే. అక్కడ టేకు, ఇక్కడ తాడి, తుమ్మ, వెదురు. తేడా తెలివిలో లేదు. భూమీ చెట్టూ ఎవరి చేతిలో ఉన్నాయన్న దాంట్లో ఉంది. అయినా మండువా వారసత్వం అయింది, గుడిసె కచ్చా ఇల్లు అయింది.

జర్మనీలో క్వెడ్లిన్‌బర్గ్ అనే ఊరుంది. అక్కడి పాత ఇళ్ల కలప చట్రం వీధిలోకే కనపడుతుంది. ఇలాంటి ఇళ్లలో కలప నడుమ సందుల్లో పుల్లలు అల్లి, గడ్డి కలిపిన మట్టి మెత్తేవాళ్లు. అచ్చం మన తడిక గోడే! ఆ పాత పట్టణాన్ని యునెస్కో 1994లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కాబట్టి చిన్నచూపు మట్టి మీదా తడిక మీదా కాదు, వాటిలో ఉండే మనుషుల మీద.

అలాగని మమ్మల్ని గుడిసెల్లోనే ఉండమనకండి. 1968లో తమిళనాడులోని కీలవెణ్మణిలో ఒక గుడిసెలో తలదాచుకున్న 44 మంది దళితులను తగలబెట్టారు. మాకు స్లాబు ఇల్లు కావాలి, దయగా కాదు, హక్కుగా.

ఆర్కిటెక్చర్ చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మండువాల కొలతలు తీసి డ్రాయింగులు వేస్తున్నారు, మంచిదే. వాడలో మిగిలిన గుడిసెల కొలతలూ తీయండి. నిట్రాడు పాతిన మనిషి పేరు అడిగి రాసుకోండి. అవి మన వాసాలు. వాటిని మనమే లెక్కపెట్టాలి.

జై భీమ్.