పాస్‌పోర్ట్ లేని పాట

మొన్న రంజాన్ అయిపోయాక అమ్మి నా దగ్గరికి హైదరాబాద్ వచ్చి వారం రోజులుంది. ఓ రాత్రి ఇషా నమాజ్ అయ్యాక ఆమె తస్బీ తిప్పుకుంటూ కూర్చుంటే, నేను పక్క గదిలో ఫోన్‌లో పాట పెట్టుకున్నాను. ఇయర్‌ఫోన్ మర్చిపోయాను. పాట సగంలో ఉండగా అమ్మి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. బంద్ చేయమంటుందేమోనని ఫోన్ మీదికి చెయ్యి పోనిచ్చాను.

"రహనే దే," అంది. కాసేపు విన్నాక, "ఎవరు బేటా వీళ్లు? పరదేశ్ పోయినోళ్ల లెక్కున్నరు," అంది.

నాకు నోట మాట రాలేదు. ఆ పాట పేరు 'హోమ్‌లెస్'. సగం జూలూ, సగం ఇంగ్లీషు. అమ్మికి ఆ రెండు జబాన్‌లూ రావు. పాటలో ఒక్క సాజ్ కూడా లేదు, ఉత్త మగవాళ్ల గొంతులే. ఒక గొంతు ముందు నడుస్తుంటే మిగతావి దాని వెనక మెల్లగా అడుగులేస్తూ వస్తాయి. అల్ఫాజ్ అర్థం కాకుండానే అమ్మి వాళ్ల హాల్ పట్టేసుకుంది.

నిజంగానే అది పరదేశ్ పోయినవాళ్ల పాట. పాడింది లేడీస్మిత్ బ్లాక్ మంబాజో. దక్షిణాఫ్రికాలో నేటాల్ ఇలాకాలోని లేడీస్మిత్ వాళ్ల ఊరు. 'బ్లాక్' అంటే నల్ల ఎద్దులు, 'మంబాజో' అంటే జూలూలో గొడ్డలి. ఆ జమాత్‌ని నిలబెట్టిన జోసెఫ్ షబలాలా పొలం వదిలి డర్బన్‌లో ఫ్యాక్టరీ పనికి పోయినవాడు. ఆ నేటాల్ మనకూ మరీ పరాయిది కాదు. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో పోయిన మొదటి గిర్మిటియాలు దిగింది డర్బన్ రేవులోనే. ఆ తర్వాతి ఓడల్లో మన తెలుగువాళ్లూ చాలామంది పోయారు, చెరకు తోటలకు, బొగ్గు గనులకు.

వాళ్లు పాడే తర్జ్ పేరు ఇసికతమియా. గనుల్లో, ఫ్యాక్టరీల్లో పని కోసం పెళ్లాం పిల్లల్ని వదిలి వచ్చిన మగవాళ్ల హాస్టళ్లలో పెరిగింది. ఆరు రోజులు మజ్దూరీ, శనివారం రాత్రి పాట. కాపలావాళ్లకు వినపడకుండా మునివేళ్ల మీద అడుగులేస్తూ పాడేవాళ్లట. ఆ పేరులోనే మెత్తగా అడుగేయడం అనే మానీ ఉంది. గట్టిగా ఏడ్వడానికి ఇజాజత్ లేని చోట పుట్టిన పాట అది. అమ్మికి ఆ నిశ్శబ్దపు అడుగుల చప్పుడే వినపడి ఉంటుంది.

ఈ పాటను దునియాకు వినిపించింది ఒక అమెరికన్. పాల్ సైమన్‌ది న్యూయార్క్. అప్పటికి ఆయన పెళ్లి విరిగిపోయింది, అంతకు ముందు వేసిన ఆల్బమ్ నడవలేదు. 1984లో ఎవరో ఇచ్చిన ఒక కేసెట్ ఆయన చేతికొచ్చింది. అందులో జొహానెస్‌బర్గ్ బస్తీల అకార్డియన్ పాటలున్నాయి. కారులో అదే తిప్పి తిప్పి విన్నాడు. 1985లో తట్టుకోలేక జొహానెస్‌బర్గ్ పోయాడు. నల్లవాళ్ల మీద పాస్ చట్టాలు ఇంకా అమల్లో ఉన్న రోజులు. గిటార్ మీద రే ఫిరి, బేస్ మీద బకితి కుమాలో. వాళ్లు వాయిస్తుంటే రికార్డ్ చేసుకుని, న్యూయార్క్ వచ్చాక దాని మీద తన మాటలు అల్లుకున్నాడు. 1986లో వచ్చిన ఆ ఆల్బమ్ పేరు 'గ్రేస్‌లాండ్'. మెంఫిస్‌లో ఎల్విస్ ప్రెస్లీ ఇంటి పేరు అది. ఒక ఇల్లు విరిగిన అమెరికన్, ఇళ్లకు దూరమైన ఆఫ్రికన్లు. ఆ దర్ద్, ఈ దర్ద్ ఒకటి కావు. కానీ ఒకే తాళం మీద రెండూ నడిచాయి.

ఇక్కడ నా దిల్ ఎప్పుడూ రెండుగా చీలుతుంది. అపార్థైడ్ హుకూమత్‌కి బుద్ధి చెప్పడానికి కళాకారులెవరూ ఆ దేశంతో తాల్లుక్ పెట్టుకోవద్దని ఐక్యరాజ్యసమితి 1980లోనే చెప్పింది. సైమన్ ఆ గీత దాటాడు. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌ని అడగలేదు. 1987లో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్ బయట ఆయనకు వ్యతిరేకంగా నినాదాలు చేశారు. వాళ్ల కోపం నాజాయజ్ అని నేను అనలేను. జుల్మ్ కింద ఉన్నవాళ్లు గీసుకున్న గీత అది. అదే సమయంలో, ఆయన ఆ కళాకారులకు న్యూయార్క్ యూనియన్ రేటుకు మూడింతలు ఇచ్చాడు, కొన్ని పాటలకు తన పేరు పక్కన వాళ్ల పేర్లు రాశాడు. 'హోమ్‌లెస్' కింద షబలాలా పేరుంది. ఆ పేరు లేకపోతే నేను ఆ పాటను ఇంత ప్రేమగా వినగలిగేవాణ్ని కాదు.

ఎందుకంటే పేరు లేకుండా పోయిన పాట కథ కూడా నాకు తెలుసు. సోలమన్ లిండా అనే జూలూ గాయకుడు 1939లో జొహానెస్‌బర్గ్‌లో 'ఎంబూబే' అనే పాట రికార్డ్ చేశాడు. ఎంబూబే అంటే సింహం. ఆ రికార్డ్ అమెరికా చేరింది. పీట్ సీగర్ విని అందులోని మాటను తన చెవికి పట్టినట్టు 'విమోవే' అని పాడాడు. 1961లో టోకెన్స్ అనే బృందం దాన్నే 'ద లయన్ స్లీప్స్ టునైట్' అని పాడితే అమెరికా అంతా ఊగిపోయింది. లిండాకు ముట్టింది పది షిల్లింగులు. 1962లో ఆయన గరీబీలోనే పోయాడు. బిడ్డలకు హక్ దక్కేలా సమ్‌ఝోతా జరిగింది 2006లో. రెండు దేశాల సుర్ కలవడం ఎంత అందంగా ఉన్నా, హిసాబ్ లేని మిలాప్‌లో ఒకరి రోటీ పోతుంది.

కానీ ఈ కలయికలో ఇచ్చింది ఆఫ్రికా, తీసుకుంది అమెరికా అని అంత సాఫ్‌గా చెప్పేయలేం. 1890లో ఓర్ఫియస్ మకాడూ అనే నల్ల అమెరికన్ తన వర్జీనియా జూబిలీ సింగర్స్‌తో కేప్‌టౌన్‌లో దిగాడు. ఆయన పుట్టింది గులామీలో. ఆ బృందం అక్కడ ఊరూరా తిరిగి నల్ల గులాముల దువా పాటలు పాడింది. వాటిని విన్నవాళ్లు తమ పాటలో కలుపుకున్నారు. ఇసికతమియాలో ఆ ఛాయ కూడా ఉందంటారు. అంటే ఓడల్లో గొలుసులేసి ఆఫ్రికా నుంచి తీసుకుపోయినవాళ్ల ఆవాజ్, అమెరికా పత్తి చేలల్లో ఏడ్చి, మళ్లీ ఆఫ్రికా వచ్చి, అక్కడి గనుల హాస్టళ్లలో మునివేళ్ల మీద నడిచి, 'గ్రేస్‌లాండ్'లో మళ్లీ అమెరికా చేరింది. మనుషులకు దొరకని వాపసీ పాటకు దొరికింది. ఆ పాట వింటుంటే గొంతులో ఏదో అడ్డం పడేది ఇందుకేనేమో.

ఇదంతా అమ్మికి చెప్పలేదు. ఆమె ఆ ఒక్క మాట అని పోయి పడుకుంది. నాకు మాత్రం నిద్ర రాలేదు. మా ఇంట్లోనూ ఒక కేసెట్ ఉంది మరి.

మాది బోధన్ పక్కన చిన్న కస్బా. అబ్బా 1984లో దమ్మామ్ పోయాడు, మేస్త్రీ పనికి. ఖత్‌లు రాయడం ఆయనకు అంతగా రాదు. కేసెట్‌లో మాట్లాడి, ఊరొచ్చేవాళ్లెవరైనా ఉంటే రుమాలులో చుట్టి పంపేవాడు. మేమూ తిరిగి కేసెట్ నింపి పంపేవాళ్లం. ఓ బక్రీద్‌కి వచ్చిన కేసెట్‌లో మాటలు తక్కువ. క్యాంపులో గదిలో అందరూ కూర్చుని పాడుతున్నారు. అబ్బా పీర్ల పండుగ పాట ఎత్తుకున్నాడు, తెలుగులో. పెషావర్ పఠాన్ ఒకాయన బిస్కట్ డబ్బా మీద దరువేస్తున్నాడు. మలబారు నుంచి వచ్చిన ఇంకొకాయన మాట తెలియకపోయినా పల్లవి చివర గొంతు కలుపుతున్నాడు. దాదీమా ఆ కేసెట్‌ని రోజూ పెట్టించుకునేది. 

1989 చలికాలంలో దాదీమా పోయింది. చివరి రెండు రోజులు అబ్బా పేరే. పక్కూరి నుంచి టెలిగ్రాం కొట్టారు. అబ్బా రాలేదు. మిట్టీ ఇవ్వడానికి కూడా రాలేదు. నలభై రోజులు అయ్యాయి, అప్పుడూ రాలేదు. నాకు పదేళ్లు. అమ్మి కేసెట్ నింపుతూ నన్నూ మాట్లాడమంటే, బటన్ నొక్కి, "దాదీమా నిన్నే అడిగింది. నువ్వు రాలేదు. నువ్వు పైసల కోసమే ఉన్నవు," అన్నాను. అమ్మి చెంప మీద కొట్టింది. కానీ ఆ మాట చెరపలేదు. ఇంకో కేసెట్ కొనే పైసలు లేక చెరపలేదో, తనకూ ఆ మాటే అనాలనిపించి చెరపలేదో, నేను ఎన్నడూ అడగలేదు.

అబ్బా 1991లో వచ్చేశాడు. ఆ కేసెట్ గురించి ఎత్తలేదు. పీర్ల పాట కూడా మళ్లీ ఎత్తలేదు. పాస్‌పోర్ట్ కఫీల్ బీరువాలో ఉండేదని, కాళ్ల మీద పడ్డా ఇవ్వలేదని, ఆయన పోయిన తర్వాత ఆయనతో పాటు పనిచేసిన ఒక చాచా వచ్చి చెప్పాడు. జనాజా రోజు అబ్బా గదిలో ఒక్కడే గాయబానా నమాజ్ చదువుకున్నాడట.

మిరియం మకేబా కథ చదివినప్పుడు నేను పుస్తకం మూసేసింది అందుకే. 1959లో దేశం వదిలి వెళ్లిన ఆమెకు 1960లో తల్లి పోయిన కబురొచ్చింది. బయల్దేరబోతే పాస్‌పోర్ట్ రద్దయిందని తెలిసింది. తల్లికి మిట్టీ ఇవ్వలేకపోయింది. అమెరికాలో ఆమెకు అండగా నిలబడింది హ్యారీ బెలఫాంటే. 1965లో ఇద్దరూ కలిసి ఆఫ్రికా జబాన్‌లలోని పాటలతో ఒక ఆల్బమ్ తీసుకొచ్చారు. ఆ ఏటి పాటలకు ఇచ్చే గ్రామీ వాళ్లకు దక్కింది. 1987లో సైమన్ 'గ్రేస్‌లాండ్' పాటలతో ఊరూరా తిరిగినప్పుడు ఆ వేదిక మీద మకేబా ఉంది, ట్రంపెట్‌తో హ్యూ మసెకెలా ఉన్నాడు. ఇద్దరూ వతన్ లేనివాళ్లే. మకేబా ఇంటికి పోగలిగింది 1990లో. అంటే ముప్ఫై ఏళ్ల పైన జుదాయీ. 

అన్నేళ్లూ ఆమెను "నువ్వు ఎందుకు రాలేదు" అని ఎవరైనా అడిగి ఉంటే ఏమని చెప్పేది? పాడటం తప్ప ఏం చేయగలిగేది? అబ్బా పాడటం కూడా ఆపేశాడు. అది నా మాట వల్లనా, కఫీల్ వల్లనా, దాదీమా లేకపోవడం వల్లనా? నాకు మాఫీ అడిగే మౌకా ఉన్న ఇరవై ఏళ్లలో అడగలేదు. 2011లో ఆయన పోయాడు. ఆయన జనాజాను భుజాన మోసే భాగ్యం మాత్రం నాకు దక్కింది. ఆయనకు దక్కనిది.

మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ అమ్మి, "రాత్రి పాట మళ్లీ పెట్టు," అంది. పెట్టాను. ఈసారి నా పక్కనే కూర్చుని చివరిదాకా విన్నది. అయిపోయాక కాసేపు ఖామోష్‌గా ఉండి, "మీ అబ్బా గదిలోనోళ్లు కూడా ఇట్లనే పాడిన్రు కదా, ఒక్కొక్కనిది ఒక్కో బోలీ," అంది.

"ఆ కేసెట్ ఉందా అమ్మి?"

"నా ట్రంకులో ఉంది. రెండూ ఉన్నయి."

రెండూ అంటే రెండోది ఏదో నాకు అర్థమయ్యింది. నా మాట ఉన్నది. అబ్బా దాన్ని దమ్మామ్ నుంచి తిరిగి తీసుకొచ్చాడు, పారేయకుండా.

అమ్మిని ఊళ్లో దింపడానికి ఎల్లుండి పోతున్నాను. మా ఇంట్లో టేప్ రికార్డర్ బూజు పట్టి ఉంది, కోఠీలో బాగుచేసేవాళ్లు ఇంకా ఉన్నారట. ముందు అబ్బా పాట వింటాం. రెండోది నేనొక్కణ్నే వింటాను. విన్నాక అదే కేసెట్‌లో, ఆ మాట పక్కనే, ఇన్నేళ్లూ చెప్పని మాట రికార్డ్ చేసి పెడదామనుకుంటున్నాను. పాత మాటను మాత్రం చెరపను. అబ్బాయే చెరపలేదు.