ఎండిన ఏటి ఒడ్డున

రాయలసీమ అనగానే మనకు కరువే గుర్తుకు వస్తుంది. కర్నూలుకో కడపకో వెళ్ళేవారు ఎండాకాలంలో వంతెన మీద నుండి కిందికి చూస్తే ఏటిలో నీళ్ళకంటె ఇసుకే ఎక్కువగా కనబడుతుంది. వరదలంటే దివిసీమ, కోనసీమ లంకలు అనుకోవడం మన అలవాటు. ఇంత ఎండిన నేలకు వరద భయం ఏమిటని అడిగేవారికి ఈ రెండు జిల్లాల ఏళ్ళే జవాబు చెబుతాయి.

మొదట కర్నూలు చూద్దాం. హైదరాబాదు నుండి వచ్చేవారు తుంగభద్ర వంతెన దాటి ఊళ్ళో అడుగుపెడతారు. ఊరి మధ్య కొండారెడ్డి బురుజు నిలిచి ఉంటుంది. 1953 నుండి 1956 వరకు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న పట్టణమిది. ఇక్కడే హంద్రీ వచ్చి తుంగభద్రలో కలుస్తుంది. తుంగభద్ర కొంత దూరం పోయి కృష్ణలో కలుస్తుంది. ఆ దిగువన శ్రీశైలం జలాశయం ఉన్నది. అంటే ఊరికి రెండు పక్కల ఏళ్ళు, ముందు పెద్ద చెరువు వంటి జలాశయం.

2009లో మొదట వానలు మొహం చాటేశాయి. పైరు ఎండిపోతున్నదని రైతులు ఆకాశం వంక చూస్తూ గడిపారు. అక్టోబరు మొదటి రోజుల్లో కర్ణాటకలోను, ఇటు కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లోను కుండపోతగా కురిసింది. కృష్ణ, తుంగభద్ర, హంద్రీ ఒకేసారి పొంగాయి. అక్టోబరు 2వ తేదీన నీళ్ళు కర్నూలులోకి వచ్చాయి. కింది అంతస్తులు మునిగిపోయాయి. జనం మిద్దెలెక్కి తిండీ నీళ్ళూ లేకుండా గడిపారు. నీళ్ళు తీసిన తరువాత మిగిలింది బురద, తడిసిన బియ్యం, చదవరాని పత్రాలు. మంత్రాలయం, అలంపురం కూడా మునిగాయి.

ఆ రోజుల్లో శ్రీశైలానికి వచ్చిన వరద సుమారు 25 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఆనకట్ట కట్టేటప్పుడు వేసిన గరిష్ఠ లెక్క సుమారు 19 లక్షలే. ఆ ఉద్ధృతి ఒక్క దినమంతా నిలిస్తే, ఖాళీగా ఉన్న శ్రీశైలం జలాశయం ఆ ఒక్క దినంలోనే నిండిపోతుంది. శ్రీశైలం, నాగార్జునసాగర్ కొంత ఆపుకొని మిగతాది వదిలితే, విజయవాడ ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా చేరింది. కృష్ణా డెల్టాలోని లంకవాసులను ముంచిన ఆ నీళ్ళు మూడు రోజుల ముందు కర్నూలు వీధుల్లో తిరిగినవే. ఎగువ ఊరి కష్టం, దిగువ ఊరి కష్టం వేరు వేరు కావు.

కర్నూలుకు ఎగువన సుంకేసుల వద్ద పుట్టిన కె.సి. కాలువ కడప వరకు పోతుంది. పూర్వం దీనిని సేద్యానికే గాక పడవలు నడపడానికి కూడా తవ్వించారు. ఆ కాలువ పోయిన దిక్కుకే పోయి, కడప దాటి తూర్పుకు తిరిగితే నందలూరు, రాజంపేట వస్తాయి. అక్కడ పారేది చెయ్యేరు. బాహుదా, పింఛా ఏళ్ళు కలిసి చెయ్యేరు అవుతుంది, అది పోయి పెన్నలో కలుస్తుంది. సంవత్సరంలో ఎక్కువ రోజులు అది ఒట్టి ఇసుక పరుపే.

2021 నవంబరులో వాయుగుండం వల్ల ఈ కొండల మీద ఎడతెగని వాన కురిసింది. పైనున్న పింఛా ప్రాజెక్టు వద్ద కట్ట తెగింది. ఆ నీళ్ళన్నీ రాజంపేట ఎగువనున్న అన్నమయ్య ప్రాజెక్టు మీద పడ్డాయి. దాని ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. వచ్చే వరద గేట్లు వదలగలిగినదానికంటె చాలా ఎక్కువ. 19వ తేదీ తెల్లవారేసరికి మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు గ్రామాల మీద నీళ్ళు విరుచుకుపడ్డాయి. నందలూరు దగ్గర ఆర్టీసీ బస్సులు ప్రవాహంలో చిక్కుకుంటే ప్రయాణికులు బస్సుల పైకెక్కారు. అందరూ బ్రతకలేదు. రైలు పట్టాల కింది మట్టి కోసుకుపోయింది. ఆ రోజుల్లోనే కమలాపురం వద్ద పాపఘ్ని మీది వంతెన కూలింది. దిగువన నెల్లూరు వద్ద పెన్న పొంగి రహదారిని, పడుగుపాడు వద్ద రైలు మార్గాన్ని తెంపింది.

ఇల్లు పోతే కట్టుకోవచ్చు. చెయ్యేటి ఒడ్డు రైతుకు అంతకంటె పెద్ద నష్టం మరొకటి జరిగింది. పైమట్టి కొట్టుకుపోయి, పొలాల్లో ఇసుక మేట వేసింది. తాతలనాటి నుండి ఎరువు తోలి పండించుకున్న నేల ఒక్క పూటలో ఏరుగా మారింది. ఎకరా రెండెకరాల వారికి ఆ ఇసుక తోడించుకునే స్తోమత ఎక్కడిది? కౌలుకు చేసేవారికి, కూలికి పోయేవారికి పొలం పేరున వచ్చే పరిహారం అందడం ఇంకా కష్టం.

ప్రియ పాఠకులారా, మీ గ్రామం ఏటి ఒడ్డున ఉంటే కొన్ని సంగతులు తప్పక ఆలోచించండి. నీళ్ళు లేని ఏరు ఖాళీ స్థలం కాదు, అది నీళ్ళ దారి. అందులో ఇల్లు కట్టవద్దు, ఇతరులను కట్టనివ్వవద్దు. ఒడ్డు పక్కన ఇసుక లోతుగా తవ్వితే ప్రవాహం గట్టును కోస్తుంది. ఆ తవ్వకాలను గ్రామమంతా కలిసి అడ్డుకోవాలి. పైన చెరువో ప్రాజెక్టో ఉంటే వానకాలానికి ముందే గేట్లు పనిచేస్తున్నాయా అని సర్పంచి ద్వారా అధికారులను వ్రాతపూర్వకంగా అడగండి. పాత వరద ఎంతవరకు వచ్చిందో పెద్దలను అడిగి బడి గోడ మీద గీత గీయించండి.

రాత్రివేళ కబురు వస్తే మెరక మీద ఉన్న బడి గాని, మందిరం గాని తెరిచే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? మంచం పట్టిన అవ్వను ఎవరు ఎత్తుకొస్తారు? నిండు చూలాలిని ఎవరు తీసుకువస్తారు? పశువుల పలుపులు ఎవరు విప్పుతారు? ఏటిలో నీళ్ళు లేని ఈ రోజుల్లోనే, వీధి వీధికీ పేర్లు వ్రాసి పెట్టుకోండి.